గ్రహణం పూట గడప దాటని కోడలు

మా మామయ్య నన్ను చూసి గర్వపడని రోజు లేదు, నా మాట విన్న రోజూ లేదు. ఆయనకి పలాసలో జీడిపప్పు వ్యాపారం, కంచిలి వైపు కొబ్బరితోటలు, మిగిలిన తీరికలో రాజకీయం. సూర్యగ్రహణం మీద పరిశోధనకి నేను మెక్సికో వెళ్తున్నానని తెలియగానే ఊరి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. అందులో ఆయన నిలువెత్తున నమస్కారం పెడుతున్నారు. ఆయన మోచేతి కింద నేనున్నాను. నా పక్కన నిమ్మకాయంత సూర్యుడు కూడా ఉన్నాడు.

నా పని ఇదీ. సూర్యుడి చుట్టూ ముత్యపు రంగులో ఒక వెలుగు కిరీటం ఉంటుంది. మామూలు రోజుల్లో ఎండ దాన్ని కనబడనివ్వదు. చంద్రుడు పూర్తిగా అడ్డం వచ్చిన కాసేపే, ఈసారైతే నాలుగు నిమిషాలే, అది బయటపడుతుంది. అందులోంచి వచ్చే పరారుణ కాంతిని, అంటే మన కంటికి ఆనని కాంతిని, పరికరంతో గీతలు గీతలుగా విడదీస్తే అక్కడి అయస్కాంత శక్తి సంగతి కొంత తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఆ గీతలతోనే కాపురం చేస్తున్నాను. కిరీటాన్ని మాత్రం ఒక్కసారీ కళ్ళారా చూడలేదు. ఇంతకుముందు గ్రహణాలకి నేను తయారుచేసిన పరికరం వెళ్ళింది, నేను వెళ్ళలేదు. ఈసారైనా చూడాలని నా ప్రాణం కొట్టుకుపోయింది.

బయలుదేరే ముందు జలంత్రకోటలో అత్తవారింటికి వెళ్ళాను. అప్పటికి నాకు ఐదో నెల.

"గ్రహణం పూట కడుపుతో ఉన్నోలు గడప దాటకూడదు. పిల్లకి మొర్రి వొచ్చీగల్దు" అంది అత్తయ్య.

"ఆ గ్రహణం మనకి కనబడదు అత్తయ్యా. అప్పుడు ఇక్కడ రాత్రి."

"కనబడదు గాబట్టి మాకు పట్టింపు నేదు. కనబడిన కాడికి నువ్వెల్తన్నావు గదా. పట్టింపు నీ ఎనకాలే వొత్తాది."

ఇంత పకడ్బందీ వాదన నేను సెమినార్లలో కూడా వినలేదు.

మామయ్య పంచాంగం తిరగేశారు. ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య నాడే గ్రహణం. "రెండ్రోజులాగి ఎట్టుకోమని మీవోల్లకి సెప్పనేవా?" అన్నారు. మంత్రుల ప్రారంభోత్సవాలు వాయిదా వేయించిన మనిషికి ఇదో లెక్కా? సూర్యగ్రహణం ఎప్పుడొచ్చినా అమావాస్య నాడే వస్తుందని, నా ఉద్యోగంలో మంచిరోజులన్నీ అమావాస్యలేనని నచ్చచెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆడపిల్లలు ఆకాశాన్ని అందుకోవాలని ఆ ఉదయమే టెక్కలిలో ఉపన్యాసమిచ్చి వచ్చారాయన. అందుకని ఉదారంగానే తీర్పు చెప్పారు. "ఎల్లు తల్లీ. ఆ నాలుగు నిమిషాలూ మాత్రం లోపలుండు. మిగతా రోజంతా నీదే."

నవ్వుకుంటూ విమానమెక్కాను.

మెక్సికోలో మా బృందానికి పెద్ద ఒక ప్రొఫెసరు. మూఢనమ్మకాల మీద గంటలు గంటలు మాట్లాడగలడు. పరికరాన్ని నల్లగుడ్డ గుడారంలో పెట్టించి, లోపల ఒక్కరే ఉండాలన్నాడు. ఆ ఒక్కరూ నేనే, ఎందుకంటే అది ఇంకెవరికీ లొంగదు. గ్రహణం పట్టాక గుడ్డ ఎత్తకూడదు, వెలుతురు పడుతుంది. కదలకూడదు, గీతలు చెదిరిపోతాయి. లోపల తిండి, నీళ్ళు ముట్టకూడదు. ఈ నియమాలు ఎక్కడో విన్నట్టే అనిపించింది.

"ఒక్క అర నిమిషం బయటికొచ్చి చూస్తాను సార్" అన్నాను.

"డేటా కావాలా, దృశ్యం కావాలా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వెళ్ళి కూర్చున్నాను. చీకటి పడగానే బయట జనం ఒక్కసారిగా అరిచారు. ఎవరో ఏడ్చారు. నా ఎదురుగా తెర మీద గీతలు చక్కగా లేస్తున్నాయి. కడుపు మీద చెయ్యి వేసుకుని వాటినే చూశాను. గుడ్డ ఎత్తి బయటికొచ్చేసరికి ఎండ మళ్ళీ మామూలుగా కాస్తోంది. ప్రొఫెసరు కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వు చూసి ఉండాల్సిందమ్మా" అన్నాడు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారిపోయి ఉగాది పచ్చడి కలుపుతున్నారు.

"బయటికి రానేదు గదా?" అంది అత్తయ్య.

"రాలేదు."

"ఏటీ తిన్నేదు గదా? కదల్నేదు గదా?"

"లేదత్తయ్యా."

"సూసినావా, ఎంత సదూకున్నా ఇంటి మాట దాటనేదు!" అని వెనకనించి మామయ్య గొంతు. ఇంకో ఫ్లెక్సీ ఖాయమనుకున్నాను.

అత్తయ్య ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళినట్టుంది. గొంతు తగ్గించి అడిగింది. "మరి అది సూసినావా?"

"లేదత్తయ్యా. గుడారంలో నా డబ్బా దగ్గరే కూర్చుండిపోయాను" అన్నాను. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు తన్నుకొచ్చింది.



"మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇంతే. పెరట్లో అందరూ పసుపు నీల్ల పల్లెంలో సూసి ఓలమ్మ, ఓలమ్మ అంటన్నారు. నాను గదిలో ఎల్లకిలా తొంగోని దూలాలు సూత్తన్నాను" అంది. "మల్లా ఎప్పుడొత్తాది?"

"రెండేళ్ళకి. స్పెయిన్‌లో."

"అయితే నన్నట్టుకెల్లు. ఆ డబ్బా కాడ నాను కూకుంటాను. నువ్వు బయటికెల్లి సూడు."