అరికాలి మట్టం

టైల్స్ మేస్త్రి తన కళ్లని నమ్మేవాడు కాదు. నేల ఎత్తుపల్లాలు చూపే రసమట్టాన్ని అసలే నమ్మేవాడు కాదు, అది పనిముట్ల పెట్టెలో అడుగున దుమ్ముకొట్టుకుని ఉండేది. గదంతా పలకలు పరవడం అయ్యాక చెప్పులు బయట విడిచి, కళ్లు మూసుకుని, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నీళ్లమీద నడిచినట్టు నడిచేవాడు. పలకకీ పలకకీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా అరికాలు పట్టేసేది. "ఇక్కడ లేచింది" అని బొటనవేలితో తట్టేవాడు. కొలిచి చూస్తే నిజమే. ముప్పై ఏళ్లలో ఆ పాదం ఒక్కసారీ అబద్ధమాడలేదు.

"అందరికీ బుర్ర నెత్తిన ఉంటే మా ఆయనకి అరికాల్లో ఉంది" అనేది, పక్కనే సిమెంటు కలిపి అందించే ఆయన పెళ్లాం.

ఎండలు మొదలయ్యాక ఆ బుర్రకే ఏదో అయింది. కాలివేళ్ల చివర చీమలు పాకేవి. చూస్తే ఒక్కటీ ఉండేది కాదు. కూర్చుంటే తిమ్మిరి, పడుకుంటే మంట. ఒక్కోసారి అడుగు కింద ఎవరో దూది పరిచినట్టు, తానొక్కడే మబ్బుమీద నడుస్తున్నట్టు ఉండేది. నిజం చెప్పాలంటే అది ఆయనకి కొంచెం నచ్చింది కూడా. జన్మంతా గట్టినేల తొక్కినవాడికి మెత్తనినేల దొరికింది మరి. దాహమా, తీరేది కాదు. బిందెడు నీళ్లు తెస్తే సగం సిమెంటు తాగేది, సగం ఆయన తాగేవాడు.

"తడి సిమెంటుకి కాళ్లు ఒరిశాయి, అంతే" అన్నాడు. మగవాళ్లకి ఒళ్లు చెడితే ముందు ఎండని తిడతారు, తర్వాత పెళ్లాన్ని తిడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం ఏ వరసలోనూ ఉండదు.

ఆ నెలలో చంటిపిల్లల బడికి పెద్ద హాలు పరిచారు. పాకే పిల్లలు, మోకాళ్లు గీరుకోకూడదు. అన్నీ తెల్లపలకలు. మధ్యాహ్నం కిటికీల్లోంచి వెలుతురు పడితే హాలంతా పాలచెరువులా ఉంది. మేస్త్రి కళ్లు మూసుకుని అడుగు పెట్టాడు. కాలికింద ఇసుక.

"ఊడ్చలేదా?"

"రెండుసార్లు ఊడ్చాను."

మళ్లీ నడిచాడు. ఇసుకే. "పలకలు లేచాయి. తీసేద్దాం."

ఆవిడ అరచేత్తో నిమిరి చూసింది. "అద్దంలా ఉందయ్యా!"

"నీ చెయ్యి గొప్పదా, నా కాలు గొప్పదా?"

ముప్పై ఏళ్లుగా గెలుస్తున్న కాలది. ఆరుపలకలు లేపి మళ్లీ పరిచాడు. ఒకటి విరిగింది కూడా. కళ్లు మూసుకుని మళ్లీ బయల్దేరాడు. ఈసారి చెరువులో దిగినట్టే ఉంది, అడుగున ఇసుక చల్లగా జారుతోంది, నడిచేకొద్దీ గోడ ఇంకా దూరం జరుగుతోంది. ఎంత హాయో.

"ఆగు. కదలకు" అంది పెళ్లాం. "వెనక్కి చూడు."

తెల్లనేల మీద గోడ దాకా ఎర్రటి అడుగులు.

"ఎవరిదే ఈ నెత్తురు?"

"ఈ హాల్లో నడిచింది నువ్వొక్కడివే కదయ్యా!"

అరికాల్లో పలకపెంకు దిగి ఉంది. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు.

డాక్టరమ్మ గాయం కడిగి కట్టు కట్టింది, రక్తం పరీక్షకి పంపింది. రెండో పాదం పట్టుకుని కళ్లు మూసుకోమంది. సన్నని నైలాన్ పోగుతో తాకుతాను, తగిలినప్పుడల్లా చెప్పమంది. మడమ దగ్గర చెప్పాడు. తర్వాత ఎంతసేపో ఎదురుచూశాడు.

"వేళ్ల దగ్గర ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?"

"మూడుచోట్ల తాకానండీ."

మేస్త్రి కళ్లు తెరవలేదు.

"షుగరు. కొత్తదే" అంది డాక్టరమ్మ, కాగితాలు వచ్చాక. "మందులు, తిండి జాగ్రత్తగా చూసుకుంటే నరాలు ఇంకా చెడకుండా ఆపొచ్చు. పోయింది తిరిగి వస్తుందని మాత్రం మాటివ్వలేను. ఇకమీదట చెప్పుల్లేకుండా అడుగు వెయ్యకండి. రోజూ పాదాలు చూసుకోండి."

"నా పనే చెప్పుల్లేని పనమ్మా" అన్నాడు. ఆ గొంతు పెళ్లాం ఎప్పుడూ వినలేదు.

గాయం మానాక హాలుకి వెళ్లారు. ఆయన గుమ్మం దగ్గర బూట్లతో కూర్చున్నాడు, పెళ్లి ఇంట్లో పిలుపులేని చుట్టంలా. ఆవిడ చెప్పులు విడిచింది. చీర కాస్త పైకి దోపింది. కళ్లు మూసుకుంది.

"మెల్లిగా. మడమ ముందు పెట్టకు. బరువంతా..."

"నువ్వు నోరు మూసుకుంటే నాకు నేల తెలుస్తుంది."

వెలుతురులో ఆవిడ తేలినట్టు వెళ్లింది. ముప్పై ఏళ్లు సిమెంటు మోసిన పాదాలు అంత తేలిగ్గా నడవగలవని ఆయనకి తెలియనే తెలియదు. మూలన ఆగింది.

"ఇక్కడ లేచింది."

మేస్త్రి పెట్టె అడుగు నుంచి రసమట్టం తీశాడు, చొక్కాతో తుడిచాడు, మోకాళ్లమీద పాకుతూ వెళ్లి పెట్టి చూశాడు. లేచింది. తాను లేపి మళ్లీ పరిచిన పలకే. మిగిలిన హాలంతా మట్టంగానే ఉంది, మొదట ఉన్నట్టే.

ఉలి అందుకున్నాడు. చేతులకి పని ఇంకా బాగానే తెలుసు.

పొద్దు వాలాక, పని ముగిశాక, ఆవిడ గుమ్మంలో కూర్చుని ఆయన పాదం ఒళ్లో పెట్టుకుంది. వేళ్లసందుల్లో చూసింది, అరికాలంతా బొటనవేలితో తడిమింది.

"ఎక్కడైనా లేచిందా?" అన్నాడు మేస్త్రి.

"ఉండు, ఇంకా సగమే నడిచాను" అంది ఆవిడ.