జివ్వుమన్న తొట్టి నీళ్లు

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం, నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని వజూ చేసుకుని, తడి కాళ్లతోనే హాల్లోకి వచ్చాను. చేపల తొట్టిలో తేలుతున్న ఆకు తీద్దామని వేళ్లు పెట్టాను. మణికట్టు దాకా జివ్వుమంది. లోపలి నుంచి ఎవరో వేలు పట్టి మెల్లగా లాగినట్టు అనిపించింది. చేపలు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతున్నాయి.

మాది అశ్వారావుపేట. నేను జాకెట్లకు మగ్గం పని చేస్తాను. కుడిచేతి వేళ్లు పోతే నాకు పనే లేదు, అందుకే చాలా భయపడ్డాను.

తర్వాత కూడా వజూ చేసి వచ్చినప్పుడే అలా అయ్యేది. మిగతా వేళల్లో ఏమీ ఉండేది కాదు. మావారు ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులతో నిలబడి, మోచేతి దాకా ముంచి చూశారు. "కరెంటుంటే చేపలు బతుకుతయా?" అని నవ్వారు. నాకూ నిజమే అనిపించింది. అత్తమ్మ నవ్వలేదు. వజూ చేసిన ఒంటినే పట్టుకుంటోందంటే గాలి సోకడమే అని, దర్గా నుంచి తావీజు తెచ్చి నా చేతికి కట్టింది.

ఖమ్మంలో నరాల డాక్టరు షుగర్, బీ12, నర్వ్ కండక్షన్ టెస్టు చేయించారు. అన్నీ నార్మల్. సూది పని వల్లేనని మాత్రలు రాసి, మణికట్టుకు స్ప్లింట్ వేయించారు. అది ఉన్నన్నాళ్లు నేను తొట్టి జోలికి పోలేదు, జివ్వుమనడం ఆగింది. అత్తమ్మ తావీజు అంది, నేను మాత్రలు అన్నాను.

స్ప్లింట్ తీసిన వారానికి, మళ్లీ వజూ చేసి వచ్చి, ఎడమచేత్తో కిటికీ ఇనుప ఊచ పట్టుకుని, చలికి నీళ్లు వెచ్చగా ఉండాలని తొట్టిలో పెట్టిన హీటర్ పక్కకు జారితే సరిచేయబోయాను. రెండు చేతులూ బిగుసుకుపోయాయి. అత్తమ్మ చూసి, దువా చదువుతూ నా తల మీద చెయ్యి వేయడానికి వస్తోంది. ఆమెదీ అప్పుడే అయిన వజూ. నేల మీద ఒక్కొక్కటే దగ్గరవుతున్న తడి అడుగులు నాకు కనిపిస్తున్నాయి. ముట్టుకోకు అని చెప్పలేకపోయాను. ఇప్పటికీ కలలో వచ్చేది ఆ అడుగులే.

"అమ్మా, ముట్టకు!" అని గుమ్మంలోంచి అరిచి మావారు మెయిన్ ఆపారు. నేను కింద పడ్డాను.

ఆసుపత్రిలో తీసిన ఈసీజీలో గుండె లయ తప్పినట్టు తేలింది. ఒక రోజంతా మానిటర్ మీద ఉంచారు. "పైన గాయం చిన్నదే అమ్మా. లోపల కండరం ఎంత కాలిందో రెండు రోజులైతే గాని చెప్పలేం" అన్నారు డాక్టరు. మూడో రోజుకు కుడిచెయ్యి వాచి, సూది పట్టుకోవడం పోయింది. నాలుగు నెలలు ఫిజియోథెరపీ. మొదటి పూస మళ్లీ కుట్టిన రోజు ఏడ్చాను.

హీటర్ గాజుకు వెంట్రుకంత పగులుందట, ప్లగ్గుకు ఎర్తే లేదట. మరి చేపలకేం కాలేదేమని అత్తమ్మ అడిగితే, ఎలక్ట్రీషియన్ అన్నాడు: "చేపలు నేల తాకయి కదమ్మా. నీ కోడలి తడి కాళ్లు తాకినయి."

ఇప్పుడు పని చేసుకుంటున్నాను, చిటికెన వేలు మాత్రం మొద్దుబారే ఉంది. మీ ఇంట్లో తొట్టి ఉంటే, చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీయండి. ఒక్కసారి జివ్వుమన్నా నరాల డాక్టరు కన్నా ముందు ఎలక్ట్రీషియన్ను పిలవండి. చేపలు బాగానే ఉన్నాయి కదా అనుకోకండి. నేను నేల మీద పడి ఉన్నప్పుడు కూడా మావి బాగానే ఉన్నాయి.