ముద్ద తినేంత సేపు

గేర్‌బాక్సు నూనె కాలితే ఒక వాసన వస్తుంది. అడుగంటిన పప్పు వాసనకు ఇనుము తోడైనట్టు ఉంటుంది. పోయిన నెల చిక్కబళ్ళాపురంలో మా షెడ్డుకు ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు వచ్చింది. క్లచ్చు తొక్కే పని లేకుండా గేర్లు వాటంతట అవే మారే ఆటోమేటిక్ బండి. నూనె చూసే కడ్డీని లాగి ముక్కు దగ్గర పెట్టుకోగానే ఒక అడుగు వెనక్కి వేశాను. ఇన్నేళ్ళుగా ఈ పనే చేస్తున్నా ఆ వాసనకు నేను భయపడుతూనే ఉన్నాను. నాకు ఈ పని నేర్పిన చింతామణి ఊరి అశ్వత్థన్న వెంటనే గుర్తుకొస్తాడు.

ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. అప్పటికే బాగేపల్లిలో రెండు షెడ్లవాళ్ళు నన్ను పంపేశారు. తప్పు రెండు చోట్లా నాదే. బిగించాల్సినదేదో బిగించడం మరిచిపోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. అలాంటివాడికి ఆటోమేటిక్ గేర్‌బాక్సు అంటే పులి బోనే. మామూలు గేర్లలో తేడా వస్తే కరకరమని చెప్తాయి. ఇది నోరు విప్పదు. లోపల ఉంగరాలు, పలుచని పళ్ళేలు, శనగ గింజంత ఉక్కు గుండ్లు వందల కొద్దీ ఉంటాయి.

అశ్వత్థన్న వాటిని పరిచేది చంద్రిక మీద. పట్టుపురుగులు గూళ్ళు కట్టుకోవడానికి మా పక్క రైతులు వాడే వెదురు తట్ట అది. వెడల్పుగా ఉండి, లోపల వెదురు అంచు చుట్టలు చుట్టలుగా తిరుగుతుంది. జంగమకోటె నుంచి ఒక పాతది తెచ్చుకున్నాడు. మొదట ఊడదీసిన ముక్క బయటి చుట్టలో, చివరిది నడిమధ్యలో పెట్టాలి. బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి రావాలి.

"ఇవన్నీ ఎట్ల గుర్తుంటాయన్నా?" అని మొదటి రోజే అడిగాను.

"గుర్తును నమ్మొద్దు రామాంజీ. తొందరగా పనిచేసేవాడికి ముందు జారిపోయేది అదే. చంద్రికను నమ్ము," అన్నాడు.

ఆయనకు ఇంకో ఆచారం ఉండేది. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పని పూర్తయిన బండిని ఊరి బయట గుట్ట కింద ఏటవాలు మట్టిదోవకు తీసుకెళ్ళి, లివర్‌ను పార్కింగ్‌లో పెట్టి, ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వదిలేయాలి. అప్పుడు బండిని ఆపేది గేర్‌బాక్సు లోపల పళ్ళచక్రంలోకి దిగే వేలంత కొక్కెం ఒక్కటే. ఆ గేర్‌బాక్సు బిగించినవాడు వెనుక చక్రానికి వీపు ఆనించి, పల్లం వైపు కూర్చుని, ఒక రాగి ముద్ద తినాలి. ముద్ద అయిపోయేదాకా బండి కదలకపోతే తాళం చెవులు ఇచ్చేయొచ్చు.

"ఇదేం పిచ్చన్నా?" అన్నాను ఒకసారి.

"వాళ్ళు మనల్ని నమ్మి పిల్లాజెల్లాతో ఎక్కుతారప్పా. మన పనిని మనమే నమ్మకపోతే ఎట్ల?"

ఆయన ఎడమ మోకాలు వంగేది కాదు. కాలు చాచి కూర్చోవాలి, లేవాలంటే ఏదైనా పట్టుకోవాలి. దానికేమైందని అడిగే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

నేను చేరిన రెండో ఏడు గుడిబండె నుంచి రెడ్డెప్ప అనే రైతు తన పాత ఆటోమేటిక్ జీపు తెచ్చాడు. ఆయన మామిడితోట గుట్ట మీద ఉంటుంది. రోజూ ఎనిమిది మంది కూలి ఆడవాళ్ళను ఎక్కించుకుని ఆ రాళ్ళదోవలో పైకి పోతాడు. లోపలి క్లచ్చు పళ్ళేలు కాలి బొగ్గయ్యాయి. "ఇది నువ్వే బిగించు" అన్నాడు అశ్వత్థన్న. పన్నెండు రోజులు పట్టింది. రోడ్డు మీద నడిపి చూస్తే వెన్నలా సాగింది. ఆ సంతోషం ఒక్క పూట నిలిచింది.

మరునాడు పొద్దున చంద్రికను గోడకు తగిలిద్దామని ఎత్తాను. వెదురు అల్లికలో ఇరుక్కున్న బోల్టు ఒకటి టంగుమని కింద పడింది. చూడగానే గుర్తుపట్టాను. ఆ పార్కింగ్ కొక్కేన్ని నెట్టే కడ్డీ ఒక ఇనుప పట్టీలో ఉంటుంది. ఆ పట్టీకి ఉండేవి మూడే బోల్టులు, అందులో ఇది ఒకటి. పట్టీ పక్కకు జరిగితే కొక్కెం వదిలేస్తుంది. మళ్ళీ నూనె దింపి, కింద నూనె నిలిచే చాంబరు విప్పితే తప్ప అది చేతికందదు. రెడ్డెప్ప అప్పటికే భార్యతో వచ్చి, బండికి పూలు చుడుతున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. బోల్టును చొక్కా జేబులో వేసుకున్నాను. మిగతా రెండూ పట్టుకుంటాయిలే అనుకున్నాను. ఎలాగూ చక్రం కింద కూర్చునేది నేనే కదా, పోతే నేనే పోతాను అని కూడా అనుకున్నాను. మూడో షెడ్డు నుంచి కూడా గెంటించుకోవడం కంటే అదే నయమనిపించింది.

గుట్ట కింద, రెడ్డెప్ప దంపతులు చూస్తుండగా, బండి ఆపి హ్యాండ్‌బ్రేకు వదిలాను. ముద్ద గిన్నె కోసం చేయి చాచాను. అశ్వత్థన్న ఇవ్వలేదు.

"ఈ పొద్దు నేను కూచుంటాను. ఆటోమేటిక్ మొత్తం నువ్వే బిగించింది ఇదే మొదులు. నీ చేతిని నేను నమ్మినానని రెడ్డెప్పకు తెలియాల," అంటూ బండి పట్టుకుని మెల్లగా కిందికి దిగి, కాలు చాచి, చక్రానికి వీపు ఆనించాడు.

ఆయన ముద్ద తుంచి పులుసులో అద్ది మింగాడు. మళ్ళీ తుంచాడు. బండి లోపల ఎక్కడో టిక్కుమని సన్నగా శబ్దమైంది. వేడి ఇంజను చల్లారుతుంటే రోజూ వచ్చే శబ్దమే కావచ్చు. కానీ నేను కేక పెట్టాను.

"అన్నా, లెయ్! లెయ్యన్నా! ఒక బోల్టు నా జేబులో ఉండాది!"

పరుగున పోయి చక్రం కింద రాయి నెట్టి, ఆయన చంకల్లో చేతులు వేసి లాగాను. గిన్నె బోర్లా పడింది. అశ్వత్థన్న నిలదొక్కుకుని చేయి చాచాడు. బోల్టు అందులో పెట్టాను.

"ఎప్పుడు చూసినావు?"

"పొద్దున."

"నేను కూచునేటప్పుడు తెలుసునా నీకు?"

"తెలుసన్నా."

తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూడనేలేదు. రెడ్డెప్ప వైపు తిరిగి, "బండి ఈ పొద్దు ఇయ్యలేమప్పా. ఒక బోల్టు మరిచిపోయినాం," అన్నాడు. మరిచిపోయినాం అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నం చాంబరు విప్పాం. పట్టీ ఒక పక్కకు జరిగి ఉంది. మిగిలిన రెండు బోల్టుల్లో ఒకటి స్పానరు వేయకముందే నా వేళ్ళకు తిరిగింది.

"భయమైతే చెప్పాల రామాంజీ," అన్నాడు అశ్వత్థన్న. "నాకూ ఒకసారి చెప్పే దానికి భయమేసింది. కాలొకటి పోయింది, అంతటితో సరిపోయింది." ఆ మోకాలి గురించి ఆయన చెప్పింది అంతే.

మరునాడు అదే ఏటవాలులో ముద్ద గిన్నె నా చేతికిచ్చాడు.

ఆయన పోయి మూడేళ్ళయింది. నా షెడ్డులో ఇప్పుడు నలుగురు పనిచేస్తున్నారు. ఏటవాలులో కూర్చునే ముందు నేను నా జేబులు రెండూ తిరగేసి వాళ్ళకు చూపిస్తాను. మా ముసలోడికి చాదస్తం అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. నిన్న, నూనె కాలిన ఆ పాత జీపు పని ముగించి, దాని చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాను. జేబులు ఖాళీగానే ఉన్నాయి. అయినా ముద్ద తుంచే ముందు వాటిని ఇంకోసారి తడిమి చూసుకున్నాను.