లౌరిడ్స్ ఇంటి కొప్పు దూలం

లౌరిడ్స్ ఇంటి చూరు కిందికి దిగుతోందని లేసో దీవిలో అందరికన్నా ముందు కనిపెట్టింది సిస్సెల్. కనిపెట్టి ఊరుకుంది.

ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తే ఒక బాట, ఒక బార్లీ చేను, ఆ పైన ఆ ఇల్లే. రొట్టెపిండి పిసుకుతూ తలెత్తితే చాలు, కనిపిస్తుంది. ఆ ఇంటి కిటికీకి నీలం చట్రం. ఆ వసంతంలో చట్రం పైకమ్మి కనిపించలేదు. గడ్డిచూరు దాన్ని మింగేసింది. కిటికీ తనంత తాను పైకెక్కదు గదా, కప్పే జారుతోంది. సిస్సెల్ ఇంకోసారి చూసుకుని మళ్ళీ పిండి మీదికి వంగింది. ఆ పూట ఆమె రొట్టె రెండు ముక్కలు ఎక్కువ తింది.

ఆ కప్పు జారితే ఆమెకు ఆకలెందుకు వేసిందంటే, దాన్ని మోస్తున్నది ఓలుఫ్‌ని తిన్న దూలం గనక. ఓలుఫ్ ఆమె మొగుడు.

వాళ్ళ పెళ్ళయిన మరుసటేడు ఉత్తరపు ఇసుకదిబ్బల మీద ఒక ఓడ బద్దలైంది. దీవిలో చెట్లు లేవు. డబ్బు పోసి కొనలేకపోతే, ఇంటికి దూలం కావాలంటే ఏదో ఒక ఓడ మునగాల్సిందే. లౌరిడ్స్ తన పడవలో ఓలుఫ్‌నీ ఇంకో ఇద్దర్నీ ఎక్కించుకుని వెళ్ళాడు. తెరచాప మాను దొరికింది, నిండు మాను, ఎక్కడా చీలిక లేదు. తాడు కట్టి పడవ వెనక లాక్కొస్తుంటే పెద్ద అల కొట్టి ఓలుఫ్ నీళ్ళలో పడ్డాడు. మాను వేలాడుతుండగా పడవ వెనక్కి తిరగదు. తాడు కోసి మానును వదిలెయ్యాలి. మిగిలిన ఇద్దరూ కోసెయ్యమని అరిచారు. లౌరిడ్స్ కత్తి తియ్యలేదు. మాను ఒడ్డుకొచ్చింది. ఓలుఫ్ శవం కూడా రాలేదు.

“సముద్రం తీసుకుంది. నేనేం చేస్తాను?” అన్నాడు లౌరిడ్స్ చర్చి గుమ్మంలో. ఊరు తలూపింది. ఊరికి అతని పడవతో పనుంది.

ఆ మానే ఇంటి నడినెత్తిన కొప్పు దూలంగా ఎత్తి అతను కొత్త ఇల్లు కట్టాడు. లేసోలో కప్పంటే సముద్రగడ్డి, కప్పెయ్యడమంటే ఆడవాళ్ళ పని. తుపాను ఒడ్డుకు తోసిన గడ్డిని పొలంలో పరిచి, వానకు ఉప్పు వదలనిచ్చి, ఆరాక ఊళ్ళో ఆడవాళ్ళంతా కూడి పేని కడతారు. మగవాళ్ళు కింద నిలబడి మోపులు అందిస్తారు. కప్పు వేయించుకునే ఇంటాయన టోపీ చేత పట్టుకుని గడప గడపకీ తిరిగి పిలవాలి. పిలిస్తే రానని ఎవరూ అనకూడదు, పగ ఉన్నా సరే. ఒక్క గడప వదిలేసినా మిగిలిన ఏ ఇంటి నుంచీ ఎవరూ కదలరు. లౌరిడ్స్ సిస్సెల్ గడప వదిలేశాడు. ఆ గడపలో నిలబడి ఆమె మొహం చూడడం కన్నా ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ వదులుకోవడమే అతనికి తేలికనిపించింది.

తన ఓడవాళ్ళను కప్పెక్కించాడు. “ముడెయ్యడం కూడా ఆడాళ్ళే నేర్పాలా మాకు?” అని వాళ్ళు నవ్వారు. చూరు మొదటి వరసను ఆడవాళ్ళయితే గడ్డితోనే పేని, మెడలా సాగదీసి, ఆ మెడను అడ్డబద్దకు చుట్టేస్తారు. వీళ్ళు జనపతాడు తెచ్చి ఓడ ముడులు వేశారు. ముచ్చటైన ముడులు, ఏనుగు లాగినా ఊడవు. కానీ సముద్రగడ్డి తాత ముత్తాతల నాటిదైనా చివకదు, తడిగడ్డిలో తాడు చివుకుతుంది. మొదటి వరస పట్టు వదిలితే పైనున్న బరువంతా చూరు మీదికి జారుతుంది, జారిన కొద్దీ కొప్పు దగ్గర సందు తెరుచుకుంటుంది. ఆ సందు కింద ఏముంటుంది? దూలం. దీవిలో ఏ ఆడపిల్లనడిగినా చెప్పేది. వాళ్ళు అడగలేదు.

ఇరవై ఏళ్ళు సిస్సెల్ ఆ కిటికీ దగ్గరే వంట చేసింది. ఇప్పుడు ఆ చట్రం కనిపించకుండా పోయింది.

ఆ శీతాకాలం మంచు పడ్డాక ఆమె ఇంకొకటి చూసింది. అన్ని కప్పులూ తెల్లగా ఉంటే ఆ కప్పు కొప్పు పొడవునా నల్లటి చార. కింద పొయ్యి వేడి సందులోంచి పోయి మంచును కరిగిస్తోంది. మంచు కరిగిన నీళ్ళు ఎటు పోతాయి? మళ్ళీ అదే సందులోకి. సిస్సెల్‌కి ఆ చలికాలం వెచ్చగా గడిచింది.

మరుసటి శరత్కాలం ఒడ్డున గడ్డి ఏరుతుంటే పక్కింటి ఆవిడ ఆనే పార ఆపి, “ఏమే సిస్సెల్, లౌరిడ్స్ ఇంటి కొప్పు మీద ఆ పచ్చగీత ఏంటే, నూనె రాసి పాపిడి తీసినట్టు?” అంది.

“నాచయ్యుంటుంది వదినా.”

“నాచు నీడ వైపు పడుతుంది గానీ కొప్పు మీద గీతలా పడుతుందా?”

“ఏమో, నాకు అంత దూరం ఆనదు.”

“నీకా, ఆననిది? మొన్న ఆదివారం నా చారులో వెంట్రుకని బల్ల అవతల నుంచి పట్టావు.” ఆనే దగ్గరికి జరిగింది. “చెప్పవా వాడికి?”

“నా గడపలోకొచ్చి అడిగాడా ఎప్పుడైనా?”

 ఆనే పార ఎత్తి గడ్డి విసరడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తనూ ఎవరికీ చెప్పలేదు. లేసోలో ఆడవాళ్ళకి మరుపు తక్కువ.

అంతా సిస్సెల్ అనుకున్నట్టే నడిచేది, మెత్తే రాకపోతే. మెత్తే లౌరిడ్స్ కోడలు, సముద్రం అవతలి జట్లాండు పిల్ల. కొడుకు పెళ్ళి చేసుకుని తెచ్చి, తండ్రి ఇంట్లో దింపి, ఓడెక్కి పోయాడు. ఏడాది తిరిగేసరికి ఆమె చంకలో ఆడపిల్ల. పాత కక్షలు ఆమెకెవరూ చెప్పలేదు గనక, నేరుగా బాట దాటి సిస్సెల్ తలుపు తట్టింది.

“పిన్నీ, పులిసిన పిండి కాస్త పెడతావా? మాది బూజు పట్టింది.”

“ఎక్కడ పెట్టావు?”

“పొగగూడు పక్క అరలో.”

“ఇంట్లో అంతకన్నా పొడి చోటుండదే.”

“ఉండకూడదు నిజానికి. ఆ గోడే చెమరుస్తోంది. బయట చలి కదమ్మా, అంటాడు మావయ్య.”

సిస్సెల్ గిన్నెలో పిండి వేస్తూ, “తలుపు రాసుకుంటోందా?” అంది.

“నీకెలా తెలుసు? భుజం పెట్టి గుద్దితే గానీ రాదు. ఈ దీవిలో తలుపులన్నీ ఇంతేమో అనుకున్నా.”

“ఉయ్యాల ఎక్కడేశావు?”

“కొప్పు కిందే. వెచ్చగా ఉంటుందని.”

సిస్సెల్ చేతిలో గరిటె ఆగింది. “గోడవారకి జరుపు,” అంది. ఎందుకని మెత్తే అడిగితే, పొగ తగలకుండా అని చెప్పింది.

ఆ రోజంతా ఆమెకి పని సాగలేదు. ఇప్పుడు నోరు విప్పితే లౌరిడ్స్ నాలుగు గుంజలు ఆనించి, కొత్త గడ్డి వేయించి, దూలాన్ని కాపాడుకుంటాడు. వాడు పోయాక కూడా అది వాడి మనవల నెత్తిమీద రాజాలా పడుకునుంటుంది. ఇంకో ఏడాది నోరు మూసుకుంటే దూలం చస్తుంది. కానీ దాని కింద ఉయ్యాలుంది. దూలం చావాలి, పిల్ల బతకాలి. ఈ రెంటి మధ్యా ఎంత సందుందో ఆమె ఆనాటి నుంచి కిటికీలోంచి రోజూ చూసుకుంటూ వచ్చింది. మెత్తే వచ్చినప్పుడల్లా సిస్సెల్ గోడ సంగతి, తలుపు సంగతి అడిగేది. పిల్ల ఒళ్ళు నిమిరేది. మాట మాత్రం మింగేది.

ఒక పొద్దున, గాలివాన వెలిశాక, మెత్తే పిల్లనెత్తుకుని వచ్చింది. పిల్ల జుట్టులో గోధుమరంగు పొడి. సిస్సెల్ వేళ్ళతో తీసి నలిపింది. మెత్తగా నలిగిపోయింది, పుచ్చిన చెక్క, పుట్టగొడుగుల వాసన.

“ఉయ్యాల జరపలేదా నువ్వు?”

“జరిపాను పిన్నీ. మావయ్య మళ్ళీ లాగి అక్కడే పెట్టాడు. ఆ దూలం కింద పడుకుంటే అదృష్టమంట. సముద్రం ఇచ్చిందట దాన్ని.”

“సముద్రం ఇచ్చిందా,” అంది సిస్సెల్. పిల్లని అందుకుని తన మంచం మీద పడుకోబెట్టింది. “మీరిద్దరూ ఇక్కడే ఉండండి. ఆ ఇంట్లో అడుగు పెట్టొద్దు.”

చేను గట్టు మీదున్న ఆనేని కేకేసింది. “వదినా, లౌరిడ్స్‌ని రమ్మను. పిల్లకేం కాలేదని ముందు చెప్పు. తనే రావాలని తర్వాత చెప్పు.”

లౌరిడ్స్ వచ్చి గడప బయటే ఆగాడు. “ఏంటి, నా కోడల్ని అట్టిపెట్టుకున్నావంట?”

“నీ కప్పు కింద కన్నా నయమని.”

“నా కప్పుకేం, రాయిలా ఉంది.”

“నీ చూరు కింద చెయ్యి పెట్టి, మొదటి వరస తాడు లాగి చూడు. గట్టిగా ఉంటే నీ కోడల్ని తీసుకుపో.”

అతను గొణుక్కుంటూ పోయాడు. సిస్సెల్ కిటికీలోంచి చూసింది. చూరు కింద చెయ్యి పెట్టాడు, లాగాడు, చేతిలోకి తడిసిన జుట్టు లాంటిదేదో ఊడొచ్చింది.  దాన్ని పట్టుకునే లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో కత్తి, దూలంలో దిగిన గుర్తుగా పిడి దాకా గోధుమరంగు గుజ్జు. ఓలుఫ్ పడ్డ రోజు బయటికి తియ్యని కత్తి ఇవాళ తీశాడు అనుకుంది సిస్సెల్.

ఈసారి టోపీ తీశాడు. “కప్పు దించాలి. ఆడాళ్ళని పిలవాలి. నీ గడపతో మొదలెడుతున్నా.”

“వస్తాను. నేనొస్తే అందరూ వస్తారు. ఆ దూలం మాత్రం మళ్ళీ పైకెక్కకూడదు.”

“పుచ్చిందిగా, ఎక్కించేదేముంది? తూర్పు సగం మాత్రం గట్టిగా ఉంది, కొట్టానికైనా…”

“కొట్టానికి కాదు, గొర్రెల దొడ్డికి గుంజ కూడా కాదు. నువ్వే రంపం పట్టి కొయ్యాలి. కప్పేసే రోజు వంట దానిమీదే ఉడకాలి.”

“బంగారం లాంటి మాను సిస్సెల్.”

“తెలుసులే. మనిషి కన్నా ఖరీదైందని అప్పుడే చెప్పావుగా.”

లౌరిడ్స్ మెత్తే వైపు చూశాడు. ఆమె తలదించుకుని పిల్ల జుట్టులో పొడి ఏరుతోంది. “సరే,” అన్నాడు.

పాత కప్పు దించాక, డబ్బు పోసి కొన్న కొత్త దూలం జట్లాండు నుంచి పడవలో వచ్చింది. కప్పేసే రోజు దీవి నలుమూలల నుంచీ ఆడవాళ్ళు నడుం బిగించి వచ్చారు. ముందే దించిన పాత గడ్డి మళ్ళీ పైకందుతుంటే అందులో ఒక ముడి, చుట్టూ తాడు చివికిపోయినా అదొక్కటీ ఉండలా మిగిలింది, ఆనే చేతికి దొరికింది. ఆనే దాన్ని ఎత్తి చూపించి, “దీన్ని వేసిన మహానుభావుడెవరో రండి బాబూ,” అంది.

కింద మోపులు మోస్తున్న ముసలి ఓడవాడొకడు, “ముడి ఊడలేదుగా,” అన్నాడు.

“ఊడలేదయ్యా. ఇల్లే ఊడింది.”

కప్పు మీదున్న వాళ్ళంతా పకపకా నవ్వారు. సిస్సెల్ నవ్వలేదు. చూరు మొదటి వరస ఆమెదే. గడ్డి పేని, మెడ సాగదీసి, బద్దకు చుట్టి, మోకాలితో అదిమి, పక్కకు జరిగేది. పెరట్లో లౌరిడ్స్ కోసిన దుంగలు పెద్ద కాగుల కింద మండుతున్నాయి. ఉప్పు తాగిన మాను గనక మంట నీలంగా లేచింది. గొర్రెమాంసం, క్యాబేజీ చారు ఉడుకుతున్న వాసన పైదాకా వచ్చింది. మధ్యాహ్నం ఆమె రెండు గిన్నెలు తాగింది, అడుగు దాకా.

తిండి అయ్యాక మోపులందించే వంతు ఇంటాయనది. లౌరిడ్స్ చేతులు పైకెత్తి మోపు పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు. “ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“నీ కిటికీ చట్రం పైకమ్మి కనిపించకుండా పోయిన వసంతం నుంచి.”

అతను లెక్కేసుకున్నాడు. “అప్పుడే ఒక్క మాట అనుంటే దూలం దక్కేది.”

“అందుకే అనలేదు.”

“ఇంట్లో పసిపిల్ల ఉంది సిస్సెల్.”

“దానికోసమే చెప్పాను. నువ్వొక్కడివే ఉండుంటే చెప్పేదాన్ని కాదు.”

మోపు ఇద్దరి చేతుల మధ్యా ఆగింది. లౌరిడ్స్ పెదాలు కదిలాయి. “ఓలుఫ్ నీళ్ళలో…” అన్నాడు.

“ఆ పేరు నీ నోట రానివ్వకు,” అంది సిస్సెల్. మోపు లాక్కుని, పేనడం మొదలుపెట్టి, అతని వైపు చూడకుండానే చెయ్యి కిందికి చాపింది. “ఇంకో మోపు అందించు.”

అతను వంగి అందించాడు. చీకటి పడేదాకా అందిస్తూనే ఉన్నాడు.