ఉన్నారాగారు

ఆఖరి రోజు పొద్దున పదిన్నరకి బైండింగాయన చేసిన పని ఇది: చేతికంటిన జిగురు తుడుచుకోకుండానే ఫోన్ అందుకుని, రిటైరైన లెక్కల టీచరమ్మ నంబరు నొక్కి, "ఉన్నారా?" అని అడిగాడు.

"ఉన్నానండి," అంది టీచరమ్మ.

"అమ్మయ్య," అని పెట్టేశాడు. కుట్టాల్సిన పాటల పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు, సూదిలోకి దారం ఎక్కించాడు, నడుం నొప్పికి కాస్త వెనక్కి వాలాడు. మళ్ళీ ముందుకి వంగలేదు.

మనిషికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ప్రభువు రాకడ జరిగిపోయిందేమో, విశ్వాసులంతా పరలోకానికి ఎత్తబడ్డారేమో, భూమ్మీద తనొక్కడే మిగిలిపోయాడేమో అని భయం. చాలామందికి ఆ భయం ప్రసంగం వింటున్నంతసేపే ఉంటుంది, మెట్లు దిగగానే చెప్పులతో పాటు మామూలు బుద్ధీ దొరికేస్తుంది. ఈయనకి మాత్రం రోజుకి మూడుసార్లు. ఇల్లు కాసేపు చప్పుడు లేకుండా ఉంటే చాలు, "ఏమే" అని రెండుసార్లు పిలిచేవాడు. పెరట్లో బట్టలారేస్తున్న భార్యకి వినపడక పలక్కపోతే, మూడో పిలుపు ఫోన్లోనే. సంఘంలో గట్టి విశ్వాసులనిపించిన ఎవరికో ఒకరికి చేసి, "ఉన్నారా?" అనేవాడు. వాళ్ళున్నారంటే రాకడ కాలేదన్నమాట. అలా సంఘమంతా ఆయనకి ఉన్నారాగారని పేరు పెట్టేసింది.

పన్నెండేళ్ళ కిందట ఒక శుక్రవారం భార్య పాలు పొయ్యి మీద పెట్టింది. ఇంతలో పక్కింటి పసిబిడ్డకి ఊపిరాడటం లేదని కేక వినపడి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. ఈయన పనిగదిలోంచి వచ్చి చూస్తే ఏముంది? పాలు పొంగుతున్నాయి. బకెట్టు నిండి నీళ్ళు కారిపోతున్నాయి. గుమ్మంలో చెప్పులున్నాయి, చెప్పుల్లో మనిషి లేదు. టీచరమ్మకి చేశాడు, ఎత్తలేదు. హాస్టలు వంటమనిషికి చేశాడు, ఎత్తలేదు. పాస్టరుగారిల్లు కూడా మోగి మోగి ఊరుకుంది. ఆ రోజు చర్చిలో ఉపవాస ప్రార్థన కూడిక అన్న సంగతి ఆ కంగారులో తట్టలేదు. బనీనుతో, చేతిలో జిగురు కుంచెతో, ఏడుస్తూ వీధిన పడి, చర్చి తలుపు తోసుకుని లోపలికి దూకాడు. నలభైమంది మోకాళ్ళ మీద ఉన్నారు.

"ఉన్నారు! అందరూ ఉన్నారు! దేవునికి స్తోత్రం!"

పాస్టరమ్మగారు తల తిప్పి చూసింది. "మమ్మల్నెవర్నీ తీసుకెళ్ళలేదని స్తోత్రమా అన్నయ్యా?"

ఇంటికొచ్చాక భార్య అడిగింది: "ఊరందరినీ వెతికారు సరే, నన్ను వెతకలేదేం?"

"నిన్నెందుకు వెతకటం? నువ్వు వెళ్ళిపోయావనే కదా ఏడ్చింది!"

పాస్టరుగారు కూర్చోబెట్టి చెప్పి చూశారు. "రక్షణ మన మంచితనాన్ని బట్టి రాదండీ. కృపను బట్టి."

"కృప మీద నాకేం అనుమానం లేదండి. అనుమానమంతా నా మీదే."

"మీ మీద కాదు గదా ఆధారపడేది!"

"అదేనండీ, బుర్రకి తెలుసు. మోకాళ్ళకి తెలియటం లేదు."

తర్వాత్తర్వాత ఫోను పక్కన గోడకి ఏడు నంబర్ల చీటీ వెలిసింది. సంఘంలో దాన్ని పరలోకపు రిజర్వేషన్ లిస్టు అనేవారు. చీటీలో ఉన్నవాళ్ళు కాస్త తల ఎత్తుకు తిరిగేవారు. లేనివాళ్ళకి నిద్ర పట్టేది కాదు. సంఘపెద్ద అయితే అట్ట ఊడిన పుస్తకం వంకతో వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చీటీ రెండుసార్లు చదివాడు.

"నా నంబరు లేదేమయ్యా? అంటే నేను ఎత్తబడనా?"

"అయ్యో, అంతమాటా! మీ ఫోను ఎప్పుడు చేసినా ఎంగేజేనండి."

పెద్దాయన నెల్లాళ్ళు ఫోన్లో మాట్లాడటం తగ్గించాడు. చీటీ ఎక్కలేదు గానీ, ఇంట్లోవాళ్ళు ఆ నెల ప్రశాంతంగా గడిపారు.

ఇంట్లో మాత్రం ఆయన భయానికి మందు భార్యే. చెయ్యి వణుకుతూ వచ్చి కూర్చునేవాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని, గ్లాసుడు నీళ్ళు తాగించి, "నేనున్నాగా, ఎందుకండీ ఆ బెదురు? చిన్నపిల్లాడిలాగా!" అని నాలుగు చీవాట్లు పెట్టి, పక్కన కూర్చుని ప్రార్థన చేసేది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో సగం ప్రార్థనలు ఆ చెయ్యి పట్టుకునే చేసింది.

ఆయన పోయిన పొద్దున ఆవిడ పెరట్లో ఉంది. కుళాయి చప్పుడుకి ఏమీ వినపడలేదు. లోపలికొచ్చి చూసేసరికి అంతా అయిపోయింది.

సమాధి కార్యక్రమం ముగిసి, చుట్టాలు వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దమైంది. అప్పుడు పట్టుకుంది ఆవిడకి భయం. దయ్యం భయం కాదు, దొంగల భయం కాదు. ఆఖరి నిమిషంలో ఆయన పిలిచి ఉంటాడు. రెండుసార్లు. తను పలకలేదు. అందరూ వెళ్ళిపోయారు, నేనే మిగిలిపోయానని వణుకుతూ పోయాడా? కుళాయి తిప్పాలంటే చెయ్యి రాలేదు.

పాస్టరుగారు వచ్చి, "ఆయన ప్రభువు సన్నిధిలో ఉన్నారమ్మా," అన్నారు.

"అది నాకు తెలుసండీ. అక్కడికి వెళ్ళే ముందు రెండు నిమిషాల సంగతి చెప్పండి."

"అది నాకూ తెలీదమ్మా," అని పాస్టరుగారు ఒప్పుకున్నారు.

నాలుగో రోజు లెక్కల టీచరమ్మ వచ్చింది. చేతికర్ర గోడకి ఆనించి, ఓదార్పు మాటలేమీ లేకుండా కూర్చుంది. బైండింగాయన భార్య తన భయం చెప్పుకుంది. టీచరమ్మ అంతా విని, తప్పు లెక్క చూసినట్టు తల అడ్డంగా ఊపింది.

"ఆయన భయపడటం మానేసి పదకొండేళ్ళయిందమ్మా."

"ఏంటీ?"

"నా పుస్తకం బైండు చేసి తెచ్చినరోజు చెప్పాడు. 'టీచరుగారూ, భయం పోయిందండీ. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. వచ్చేవాడు నన్నెరిగినవాడే కదా, పరాయివాడు కాదు కదా అనిపించింది' అన్నాడు. ఫోన్లు మానేశాడు. రెండు రోజులు చూశాను. మూడోరోజు నేనే చేశాను, ఏమయ్యా, నన్నొదిలేసి వెళ్ళిపోయావా అని."

ఆవిడ కళ్ళు గోడ మీది చీటీ వైపు తిరిగాయి.

"ఆ ఏడుగురం ఒంటరివాళ్ళమమ్మా. భక్తి లెక్క కాదది. హాస్టలు వంటమనిషి ఏనాడైనా ఆరాధనకి వేళకొచ్చిందా? పిలుపు రాకపోతే మాకు తోచదని అర్థమై, మళ్ళీ మొదలెట్టాడు. వంటమనిషి స్నానాల గదిలో జారిపడినరోజు, ఫోను ఎత్తలేదని వెళ్ళి తలుపు పగలగొట్టింది ఎవరు మరి?"

"రాకడ అనుకుని పరుగెత్తాడనుకున్నాం!"

"అలా అనుకోనిచ్చాడు."

"అయితే ఆ రెండు నిమిషాలూ..."

"నడుం నొప్పి తప్ప ఇంకే బాధా ఉండి ఉండదు. అంతకుముందే కదా నాతో మాట్లాడింది. పాట కూనిరాగం తీస్తూ ఫోన్ చేశాడు."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఠక్కున ఆగింది. "మరి ఇంట్లో వణికిందో? నా చెయ్యి పట్టుకుని! పదకొండేళ్ళు నాచేత నీళ్ళు మోయించి నాటకమాడాడా, టీచరుగారూ?"

"నేనూ అడిగాను, మీ ఆవిడకైనా నిజం చెప్పొచ్చు కదయ్యా అని."

"ఏమన్నాడు?"

"'పెళ్ళైన కొత్తలో తను ఒక్కర్తీ గదిలో ఉండలేకపోయేదండీ. ఉరిమితే మంచం కిందే. నాకు ధైర్యం చెప్పే పనిలో పడి తన భయం మర్చిపోయింది. ఇప్పుడు నాకు నయమైందంటే, భయపడటానికి తనకి మళ్ళీ తీరిక దొరుకుతుంది' అన్నాడు."

"అబద్ధం పాపం కాదా?" అంది ఆవిడ, సగం కోపంగా, సగం ఇంకేదోగా.

"దానికి రోజూ విడిగా క్షమాపణ అడుక్కుంటున్నానన్నాడు."

"అయినా అచ్చంగా వణికేవాడండీ! ఎలా కుదిరింది?"

"మొదట్లో కుదరలేదు," అంది టీచరమ్మ. "మా వరండాలో రెండు మధ్యాహ్నాలు సాధన చేశాడు. కుడి చెయ్యి బాగానే వచ్చింది. ఎడమ చెయ్యి చాలదని, ఇంకొంచెం వణకమని నేనే చెప్పాను."