కంప్యూటరుకు కుట్టించిన వెల్వెట్ తొడుగు

ఒక ఆదివారం సంఘమంతటి ఎదుట నా పాపాలు రెండు పెద్ద స్పీకర్లలో మోగిపోయాయి. మోగింది నా గొంతే, మోగించిన చెయ్యీ నాదే. సాతానుకు అందులో చిల్లిగవ్వంత వాటా కూడా లేదు. ఆ ఉపద్రవం ఎలా వచ్చిపడిందో చెబుతాను, నవ్వండి. నాకిప్పుడు అలవాటైపోయింది.

అప్పుడు మేము కిరందుల్‌లో ఉండేవాళ్లం. కొండ మీద ఇనుప గని, కొండ కింద రైల్వే స్టేషను, మధ్యలో మేమూ, అందరి మీదా ఎర్ర దుమ్మూ. ఆ ఊళ్లో తొడుగు లేని వస్తువు ఉండదు. టీవీకి, మిక్సీకి, హార్మోనియానికి, అన్నిటికీ ఉంటుంది. మా అమ్మయితే టీవీ తొడుగు మాసిపోతోందని దానికి ఇంకో తొడుగు కుట్టింది.

నేను గని ఆఫీసులో గుమాస్తాను, చర్చిలో పాటల బృందానికి నాయకుణ్ణి. కంప్యూటరు ఆన్ చేయడమూ ఆఫ్ చేయడమూ రెండూ వచ్చు కనుక సౌండు ఇంజనీరుని కూడా. సంఘం కంప్యూటరు కొనగానే, వేదిక బల్లకు వేయగా మిగిలిన ఎర్ర వెల్వెట్‌తో సీపీయూ డబ్బాకు తొడుగు కుట్టించాను. వైర్లు దూరడానికి రెండు కన్నాలు, ముందు జరీ పావురం. పెళ్లికూతురిలా ఉండేది.

ఇక అసలు సంగతి. మా సంతోషమ్మత్త భర్త రైల్వే గార్డు. ఆయన రిటైరయ్యాడు. సోమవారం రైలెక్కి ఇద్దరూ శాశ్వతంగా పలాస వెళ్లిపోతున్నారు. ఆమెకు వాళ్లత్తగారు నేర్పిన పాటలు ఐదు ఉండేవి. ఏ పాటల పుస్తకంలోనూ లేవు, ఆమె గొంతులో తప్ప ఎక్కడా లేవు. ఆమె వెళితే అవీ వెళ్లిపోతాయి. అందుకని వాటిని రికార్డు చేసి సీడీ చేస్తానని సంఘంలో నిలబడి మాటిచ్చాను.

కంప్యూటరు మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. రెండో పాట సగంలోకి వచ్చేసరికి తెర బిగుసుకుపోయేది. బాణం గుర్తు కదలదు, మీట నొక్కితే పలకదు, అప్పటిదాకా పాడింది గాలికి పోయేది. ప్రోగ్రామును తీసేసి మళ్లీ ఎక్కించాను. వైరస్‌ల కోసం గాలించాను. బరువెక్కువైందేమోనని ట్రాకులు తగ్గించాను, ప్రకాశం మాస్టారి ట్రాకుతో మొదలుపెట్టి. మాస్టారు మా బృందంలో బొంగురు గొంతు పెద్దమనిషి. శ్రుతికీ ఆయనకూ పాత కక్ష.

చివరికి బస్సెక్కి గీదంలో కంప్యూటరు దుకాణానికి వెళ్లాను. లోపలికి ధూళి పోతోందా అని హిందీలో అడిగాడు దుకాణదారు. రేణువు కూడా పోదు, తొడుగు కుట్టించానని ఛాతీ విరుచుకున్నాను. "బహుత్ అచ్ఛా" అన్నాడు. నడిపేటప్పుడు తీస్తారనుకున్నాడు పాపం.

పాడించలేనివాడు కంప్యూటరుకు దయ్యం పట్టిందన్నాడట. శనివారం నేను సరిగ్గా అదే అన్నాను. బైబిల్లో ఒకడు దోపిడీ వస్త్రాన్ని గుడారంలో దాచినందుకు సైన్యమంతా ఓడిపోయిన వృత్తాంతం చెప్పి, మన బృందంలోనూ ఎవరో పాపం దాచారని ప్రకటించాను.

"నానేటి దాసినాను బాబూ, నా సామానంతా నిన్ననే పేక్ చేసీసినాను" అంది సంతోషమ్మత్త.

"మోకాళ్లూనండి, ఎవరి పాపం వాళ్లు ఒప్పుకోండి" అన్నాను. మా పద్ధతి మీకు తెలుసు కదా, అందరం ఒకేసారి బిగ్గరగా ప్రార్థిస్తాం. పక్కవాడి పాపం పక్కవాడికి వినబడదు. దేవుడొక్కడే విడదీసి వింటాడు. నేను మైకు పక్కనే మోకాళ్లూనాను. అప్పటికే రికార్డు మీట నొక్కి ఉందన్నది నాకు గుర్తులేదు.

నలభై నిమిషాలు కన్నీటి ప్రార్థన. లేచి చూస్తే కంప్యూటరు నిక్షేపంగా నడుస్తోంది. "దయ్యం పోయింది" అని కేకేసి, ఆ ఉత్సాహంలో తెర మీదున్న రికార్డింగు ఏమిటో చూడకుండానే 'మొదటిది' అని పేరు పెట్టి భద్రం చేశాను.

అప్పుడు మా చెల్లెలు సుగుణ తల మీద ఎర్రగా ఏదో మెరిసింది. చూస్తే నుదుటి మీద జరీ పావురం.

"సున్నీ మర్సిపోయినాను. ప్రార్థనకి ముసుగు గావాల కదా, దీన్ని తీసీసి ఏసుకున్నాను" అంది.

పవిత్రమైన తొడుగు అని మందలించి, డబ్బాకు జాగ్రత్తగా తొడిగి పాట మొదలుపెట్టించాను. రెండో పాట సగంలో తెర బిగుసుకుంది.

సుగుణ వెళ్లి డబ్బా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "అన్నయ్యా, ఈ గుడ్డ నా నెత్తి మీద ఉన్నంతసేపూ దయ్యం నేదు. దీని నెత్తి మీదకి రాగానే వచ్చీసింది. పెనంలా కాలిపోతంది, సూడు. ఊపిరాడక సచ్చిపోతంది అది. ఇంతకీ గుడ్డ దాసింది ఎవులు?"

తొడుగు తీశాం. వెనకాల టేబుల్ ఫ్యాను పెట్టాం. ఎర్ర దుమ్ము దర్జాగా లోపలికి వెళ్లింది, ఐదు పాటలూ దర్జాగా బయటికొచ్చాయి. నాలుగో పాటలో గని పేలుడు చప్పుడు పడింది. చెరిపేస్తానంటే అత్త ఒప్పుకోలేదు. ఇన్నేళ్లూ ఆ చప్పుడుతోనే పాడానంది.

ఆదివారం ఆరాధన ముగిశాక వీడ్కోలు సభ. ఆరాధనకు ముందే హడావుడిగా సీడీ చేసి, వినకుండానే తెచ్చాను. 'మొదటిది' అన్న పేరు చూసి అదే మొదటి పాట అనుకుని ముందు పెట్టానన్నది, సీడీ తిరగడం మొదలయ్యాక గాని తెలియలేదు. వెనకాల సముద్రపు హోరులా అందరి ప్రార్థనా, ముందు స్పష్టంగా నా ఏడుపు గొంతు:

"ప్రభువా, ప్రకాశం మాస్టారి మైకు ఏడాదిగా సున్నాలో పెట్టాను. పాస్టరుగారి ప్రసంగంలో మూడో పాయింటుకే నిద్రపోతున్నాను. నాలుగో పాయింటు ఉంటుందో లేదో నాకు నేటికీ తెలియదు."

ఆపు మీట కోసం వెతికాను. అది దొరికి నొక్కేసరికే పాస్టరుగారు మెల్లగా అన్నారు: "ఉంటుంది నాయనా. ఐదోది కూడా ఉంటుంది."

ప్రకాశం మాస్టారు లేచారు. నేను కళ్లు మూసుకున్నాను. ఆయన మైకు దగ్గరికి నడిచి, సౌండు మీటను చివరిదాకా తిప్పి, సంతోషమ్మత్త పాటల్లో మొదటిది అందుకున్నారు. శ్రుతి ఎటో పోయింది. అత్త కళ్లు తుడుచుకుంటూ గొంతు కలిపింది, ఆపైన సంఘమంతా కలిపింది. పలాస వెళ్లే ఆ పాట అలా కిరందుల్‌లోనూ ఉండిపోయింది.

వేరే సీడీ చేసిస్తానని అత్త దగ్గరికి వెళ్లాను. సీడీని గట్టిగా సంచిలో పెట్టేసుకుంది. "ఒల్లకో బాబూ, నాకిదే సాలు. పాటలు ఐదే అన్నావు, ఆరోది కొసరనుకుంటాను."

ఆ రోజే సంఘం సాక్షిగా ప్రమాణం చేశాను: ఊపిరి పీల్చే ఏ వస్తువుకీ ముసుగు వేయను, ప్రకాశం మాస్టారి మైకు ముట్టను, ఇకపై నా పాపాలు ఒప్పుకునేముందు ప్లగ్గు పీకేస్తాను. ఆమేన్.