పెనంమీది నాట్యం

శారదాంబకు ప్రణమిల్లి, ఈ మాఘ శుద్ధ పంచమినాడు వ్రాస్తున్నాను.

ఉదయం అనకాపల్లి నుండి కోటపాడు వెళ్లే దారిలో ఉడుకుతున్న చెరకుపాకం పరిమళం సోకగానే, మా మామయ్య బెల్లం వండే పాక జ్ఞప్తికి వచ్చింది. నా బాల్యంలో ఇదే తిథినాడు, పట్టణంలో చూసిన ఇంగ్లీషు చిత్రంలోని పిల్లలవలె మేమూ ఆటపాటల ప్రదర్శన తలపెట్టాము. కడిగి బోర్లించిన బెల్లపు పెనమే మా రంగస్థలం. దర్జీగారమ్మాయి నూరీ నాట్యానికి సిద్ధమైంది. చూడడానికి మాత్రం ఒక్కరూ రాలేదు. ఆమె కన్నులు చెమర్చాయి.

“ఏటే, ఏడుత్తావేటి? ముందు నువ్వాడు, జనం ఆళ్లే వత్తారు,” అన్నాను.

నూరీ అడుగులకు పెనం ఖంగున మ్రోగింది. అంతలోనే ఊరివారు గిన్నెలతో పరుగున వచ్చారు. అది మా కళామహిమే అనుకొని ఉప్పొంగిపోయాను. పాకం దిగినప్పుడల్లా మామయ్య పెనం అంచు మ్రోగించి, వేడిబెల్లం పంచడానికి ఊరిని పిలుస్తాడన్న సంగతి నాకు తట్టనేలేదు.

“పాకమేదిరా?” అని ఒక ముసలమ్మ గద్దించింది.

మామయ్య పకపక నవ్వి, “ఇయ్యాల బెల్లం నేదప్పా, డాన్సే! కూకో,” అన్నాడు.

గొణుగుతూనే అందరూ కూర్చున్నారు. నూరీ ఆడింది. కాసేపటికి ఆ ముసలమ్మే గిన్నెపై తాళం వేయసాగింది.

మరునాడు, షష్ఠి సాయంకాలం, మళ్లీ ఆడాము. ఊరివారు వట్టి చేతులతో వచ్చారు.